ట్యాంకు నిండింది, బల్లి సాక్షి

మా ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే, ఫ్యాను తుడిచేటప్పుడు స్టూలు పట్టుకునే మనిషి. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే లాప్‌టాప్ చంకన పెట్టుకుని హైదరాబాదు నుంచి మా ఊరు నిమ్మాడ వచ్చేశాను. మొదట్లో ఊళ్ళో గౌరవంగానే చూశారు. పగలంతా ఇంట్లో ఉండే మగాడికి ఆ గౌరవం ఎన్నాళ్ళుంటుందో మీకూ తెలుసు కదా. ఓ రోజు పక్కింటి పెద్దాయన టీవీ రిమోటు పట్టుకొచ్చి, "బావూ, కంప్యూటర్లు సదివినోడివి గదా, ఇదేటో సూడు" అన్నాడు. బ్యాటరీలు మార్చి ఇచ్చాను. ఊళ్ళో నాకున్న పేరంతా ఆ రెండు బ్యాటరీల మీదే నడుస్తోంది.

అది చాలక ట్యాంకు మీద పడ్డాను.

డాబా మీద ట్యాంకు నిండి పొర్లితే నీళ్ళు అరటిచెట్టు మీద పడతాయి. ఆ టపటప విని మా ఆవిడ వంటింట్లోంచే మోటారు కట్టేస్తుంది. అరటాకు చప్పుడును నమ్ముకుని కాపురం చెయ్యడం నా చదువుకు నామోషీ అనిపించింది.

ట్యాంకు మూతకి లోపలివైపు అల్ట్రాసోనిక్ సెన్సరు బిగించాను. అది మన చెవికి అందని శబ్దాన్ని కిందికి పంపి, నీళ్ళకి తగిలి తిరిగొచ్చేసరికి ఎంతసేపైందో చెబుతుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి నీళ్ళెంత కిందున్నాయో లెక్క తేలిపోతుంది. దానికి తోడు ఈఎస్‌పీ 8266 చిప్పున్న చిన్న బోర్డు, దాని మాట విని మోటారు వేసి కట్టేసే ఓ రిలే. నీళ్ళు 20 శాతానికి దిగితే మోటారు ఆన్, 95కి ఎక్కితే ఆఫ్. మూడు ఆదివారాలు పట్టింది. అందులో మూతకి కన్నం వెయ్యడానికే ఒకటి. ఫోన్లో నీలం గీత లేస్తుంటే మా అమ్మని పిలిచి చూపించాను. "బాగుంది బావూ, నీళ్ళొచ్చాయేటి మరి?" అంది.

పది రోజులు పనిచేసింది. ఆ పది రోజులూ ఇంట్లో నేను తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పదకొండో రోజు తొమ్మిదిన్నరకి ఆఫీసు మీటింగు. తొమ్మిదింబావుకి నేను ఒళ్ళంతా సబ్బు పట్టించి ఉండగా కుళాయి బుస్సుమని గాలి వదిలింది.

"ఏమోయ్, కుళాయి పాడైనట్టుంది!"

"కుళాయికేటవలేదు. ట్యాంకు కాళీ అయిపోనాది."

"ఖాళీ ఏంటి! బల్లమీద నా ఫోన్ చూడు, ఎంతుందో."

కాసేపు చప్పుడు లేదు.

"నిజవేనండి, వంద ఉంది. అయితే ఆ ఫోన్లోంచే పోసేసుకోండి."

నాలుగో తరగతి చదివే మా అమ్మాయి డాబా ఎక్కి, మూతెత్తి, వీధి వీధంతా వినబడేలా కేకేసింది: "నాన్నా, నీ సెన్సరు మీద బల్లి!"

సెన్సరుకి కళ్ళలా రెండు గుండ్రాలుంటాయి. వాటికి అడ్డంగా బల్లి పడుకుంది. పంపిన శబ్దం దాని పొట్టకి తగిలి వెంటనే వెనక్కొచ్చేస్తోంది. నీళ్ళు మూతదాకా వచ్చాయనుకుని బోర్డు మోటారు ఆపేసింది. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు! ఆ మాటే సబ్బు మొహంతో మా ఆవిడకి చెప్పబోయాను. ఆవిడ నూతిలోంచి చేదిన బకెట్టు తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోయింది.

మీటింగులో ఆలస్యమేమని అడిగితే "చిన్న టెక్నికల్ ప్రాబ్లం" అన్నాను. వెనకనుంచి మా అమ్మాయి "బల్లి" అంది. మైకు ఆన్‌లోనే ఉంది.

మా ఆవిడ పుట్టిల్లు ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరితోటల్ని నేలకి పడుకోబెట్టి, కరెంటు తీసుకుపోయినప్పుడు, నుయ్యీ చేదే దిక్కయిన జనం. కిడ్నీ జబ్బుల భయానికి తాగే నీళ్ళని ఒకటికి పదిసార్లు అనుమానంగా చూసుకునే జనం. అక్కడ పెరిగిన మనిషి నీళ్ళ విషయంలో నా నీలం గీతని నమ్ముతుందని ఎలా అనుకున్నానో!

ఆ సాయంత్రం ఆవిడ ఖాళీ నూనె డబ్బాలో గుప్పెడు ఇసక పోసి, బిరడా బిగించి, తాడు కట్టి ట్యాంకులోకి వదిలింది. తాడు రెండో కొస గోడమీంచి కిందికి జార్చి, చిన్న రాయి కట్టింది. డబ్బా రాయికంటే బరువుండాలట, అందుకని ఇసక. నీళ్ళు నిండితే డబ్బా తేలి రాయి దిగుతుంది, నీళ్ళు తగ్గితే రాయి ఎక్కుతుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే చాలు. మా అమ్మాయి గోడమీద బొగ్గుతో 20 అనీ 95 అనీ రెండు గీతలు గీసింది. వెక్కిరింపో గౌరవమో నేను అడగలేదు.

తాడు దూరడానికి మూతకి కన్నం కావాలి కదా. నేను వైరు కోసం వేసిందే సరిపోయింది. "మంచి కన్నం వేశారండి" అంది మా ఆవిడ. పెళ్ళయ్యాక నా పనితనాన్ని మెచ్చుకోవడం అదే మొదలు.

బోర్డు అటకెక్కింది గానీ ఎన్నాళ్ళుంటుంది? కరివేపాకు మొక్క మొదట్లో తేమ ఎంతుందో చెప్పే సెన్సరు ఒకటి తెప్పించాను. నిన్ననే వచ్చింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి. ఉంటాను మరి, రాయి పైకెక్కిపోయింది, మోటారు వెయ్యాలి.