నా ఇంటిపేరు గది

నేను కెమెరాను. చెక్క ఒళ్లు, నల్లని తోలు తిత్తి, ఇత్తడి చట్రంలో లెన్స్, మూడు కాళ్ల స్టాండు. ఒక చిన్న ఊరి స్టూడియోలో ఏళ్ల తరబడి పనిచేశాను. మా యజమాని నల్లగుడ్డ తలమీదుగా కప్పుకుని నా వెనకనున్న గరుకు అద్దంలోకి చూసేవారు. అందులో పెళ్లికూతురైనా, పసిపాపైనా తలకిందులుగానే కనిపించేది.

నేనెవరినో నాకు తెలిసింది ఒక మధ్యాహ్నం. రోములో చదువుకొచ్చిన ఫాదర్ ఒకరు ఫొటోకని వచ్చారు. నన్ను తడిమి చూసి నవ్వారు.

“బాబూ, నేను అక్కడికి వెళ్లిన కొత్తలో ‘కామెరా కావాలా’ అని అడిగారు. నాకు ఫొటోలు తీయడం రాదన్నాను. వాళ్లు అడిగింది గది గురించి!”

“అదేంటి ఫాదర్‌గారూ, కెమెరా అంటే గదా?” అన్నారు మా యజమాని.

అవును, గదే. విల్లులా వంగిన పైకప్పును గ్రీకులు కమారా అన్నారు. లాటిన్‌లో అది కామెరా అయింది. మొదట కప్పు వంగిన గదికే ఆ పేరు, తర్వాత అన్ని గదులకూ. చీకటి గది గోడకు సన్నని రంధ్రం ఉంటే, బయటి దృశ్యం ఎదుటి గోడమీద తలకిందులుగా పడుతుంది. 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ తన గ్రంథంలో దాన్ని ‘కామెరా అబ్‌స్క్యూరా’ అన్నాడు. అంటే చీకటి గది. పోనుపోను ఆ గది చిత్రకారులు మోసుకెళ్లే పెట్టెంత అయింది. 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడైన, డాగేర్ అనే కళాకారుడి పద్ధతిలో పెట్టెలోని బొమ్మ వెండిపూత రేకు మీద చెరగకుండా నిలిచింది. కాలక్రమంలో ‘చీకటి’ అన్న మాట రాలిపోయి ‘గది’ ఒక్కటే నాకు పేరుగా మిగిలింది.

నా తోబుట్టువులు చాలామంది ఉన్నారు. ఫ్రెంచి వాళ్ల నోట ‘కా’ కాస్తా ‘షా’ అయి, మధ్యలో ‘బ’ చేరి, నా అక్క ‘షాంబ్ర్’ అయింది. కన్నడంలో కివి తెలుగులో చెవి అయినట్టే, పలుకు మారినా రక్తం ఒకటే. ఆ అక్కే ఇంగ్లీషు ఇంట మెట్టి ‘ఛాంబర్’ అయింది. మీరు ఫిల్మ్ ఛాంబర్ అంటున్నది ఆమెనే. స్పెయిన్‌లో ఒకే గదిలో ఉండే సైనికుల జట్టును ‘కమరాదా’ అన్నారు. జట్టు పేరు జట్టులోని ఒక్కొక్కరికీ వచ్చింది. ఫ్రెంచి, ఇంగ్లీషుల మీదుగా నడిచి అదే మీ ఊరి సభలో ‘కామ్రేడ్’ అయింది. రొమేనియాలో నా చెల్లెలు వంటసరుకులు దాచుకునే గది. పోర్చుగల్‌లో నా అన్న పురపాలక సంఘం. ఆ పోర్చుగీసు మాటే ఓడెక్కి వచ్చి హిందీ, ఉర్దూల్లో గది అన్న అర్థంతోనే ‘కమ్రా’ అయింది. హైదరాబాదు పాతబస్తీలో రోజూ వినిపిస్తుంది.

ఒక్క గది ఇన్ని అర్థాలు ఎలా కన్నది? గది పేరు గదిలోని మనుషులకు అంటుతుంది, అక్కడ జరిగే పనికీ అంటుతుంది. మీ ‘కచేరీ’ చూడండి. తాసీల్దారు కూర్చునే చోటూ అదే, పాటల సభా అదే.

ఫాదర్ వెళ్లాక మా యజమాని నా తిత్తి మీది దుమ్ము తుడుస్తూ, “గదివన్నమాట” అన్నారు మెల్లగా. నా జన్మలో విన్న పిలుపుల్లో అంత దగ్గరి పిలుపు మరొకటి లేదు.

ఏదైనా కేసులో ‘ఇన్ కెమెరా విచారణ’ అని పత్రికలో చదివితే, అక్కడ ఫొటోలు తీస్తున్నారనుకోకండి. తలుపులు మూసిన గదిలో, బయటివాళ్లు లేకుండా వాదనలు వింటున్నారని దాని అర్థం. అది న్యాయమూర్తి గది, నేను వెలుగును పట్టే చీకటి గది. మా ఇద్దరి ఇంటిపేరూ ఒకటే.