నికరమునకు రాని తూకము: ఒక పుస్తెలతాటికి టీకాతాత్పర్యములు

మెదకు సీమనుండి బయలుదేఱి, కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్య వ్రాసి, దేశమంతట పండితులచే తలయూపించుకొన్న మల్లినాథసూరి, మూలములో లేనిది వ్రాయననియు, అక్కఱ లేనిది పలుకననియు ముందుగనే ప్రతిజ్ఞ చేసికొనెను. ఆయనకు కాళిదాసు దొరకెను గనుక ఆ ప్రతిజ్ఞ చెల్లినది. మాకు దొరకిన మూలము ఒక్క మాట. అదియు దేవరకొండ బస్తీలో, బంగారము కుదువ పెట్టుకొని అప్పిచ్చు ఒకానొక ఆఫీసులో, అద్దపు కిటికీకి ఈవల నిలుచున్న ఎనుబదియేండ్ల అవ్వ నోటినుండి, ఆవల చిన్న కత్తెర చేతబట్టి కూర్చున్న కుఱ్ఱవానిని ఉద్దేశించి వెలువడినది. కావున అక్కఱ లేనిది కూడ కొంత పలుకవలసి వచ్చును. పాఠకులు మన్నింతురు గాక.

మూలము:

«పూసలు గిట్ట తియ్యకు బిడ్డా. తీస్తే తూకం మిగుల్తది గని తాడు మిగలది.»

అవతారిక. అవ్వ మా వాడకట్టుదే. మనుమని బత్తాయితోట నిలువున ఎండుచుండగా, మొదటి రెండు బోరులలో తెల్లదుమ్ము తప్ప మఱేమియు లేవకపోగా, మూడవ బోరునకు పైకము కావలసివచ్చి, ఆమె మగడు పోయిన నాడు మెడనుండి దిగి, నాటినుండియు బియ్యపు గుమ్మిలో పసుపుగుడ్డ చుట్టుకొని నిద్రించుచున్న పుస్తెలతాటిని లేపి, బొడ్లసంచిలో పెట్టుకొని బస్సెక్కినది. ఇట్టి తాళ్ళను కరగించి మనుమలకు ఉంగరములు చేయించుట మా ప్రాంతమున వాడుక. అవసలాయన రెండు మూడు మాఱులు అడిగియు చూచెనట. ఆమె కరగనీయలేదు. ఆ ఆఫీసులోని కుఱ్ఱవాడు చెడ్డవాడు కాడు. «అవ్వా, గీ పూసలు, బిళ్ళ, దారం తీసేస్తే తూకం కరెక్టుగ వస్తది, నీకే నాలుగు పైసలు ఎక్కువొస్తయి» అని నచ్చజెప్పి కత్తెర తెఱచెను. తీయనిచో కంటితో అంచనా కట్టి, అనుమానమునకు మఱికొంత చేర్చి తగ్గించుట అచ్చటి రివాజు. అప్పుడు పుట్టినది మూలము.

పాఠాంతరము. చివరి మాటను «మిగలదు» అని దిద్దవలయునని పట్నవాసియగు మా మిత్రుడొకడు సూచించెను. దిద్దుబాటు వ్యాకరణమునకు ఇంపే. కాని «తెల్వది» అను రూపము మా వైపు నిత్యము నలుగుచుండగా దాని తోబుట్టువగు «మిగలది»ని ఇంటినుండి వెడలగొట్టుటకు మాకు మనసొప్పలేదు. లేఖకదోషమును సవరింపవచ్చును; అవ్వను సవరింపరాదు.

ప్రతిపదార్థము.

పూసలు = దారమున గ్రుచ్చబడునవి. ఇంతమాత్రము నిఘంటువు చెప్పును. మనిషికి ఈ గ్రుచ్చెడి పిచ్చి ఎప్పటిదని అడిగినచో, మా నల్లగొండ నేలయే సమాధానము చెప్పగలదు. ఫణిగిరి బౌద్ధక్షేత్రమున 2024లో త్రవ్వకములు జరుగుచుండగా ఒక్క మట్టికుండలో 3,730 సీసపు నాణెములు బయటపడి పత్రికల కెక్కెను. ఆ త్రవ్వకములలోనే రాతిపూసలు, గాజుపూసలు, శంఖపు గాజుల తునకలును దొరకినను వాని నెవ్వరును అంతగా తలపెట్టలేదు. సొమ్మును దాచినవాడు కుండలో దాచెను. పూసలను దాచినామె ఒంటిమీదనే దాచుకొని యుండును.

ప్రస్తుత మూలమునందు పూసలనగా మొదట నల్లపూసలు. వానిని ఎవరును ప్రశ్నింపరు. తరువాత పగడములు. అవ్వ మగడు నందికొండకడ సాగరు కట్టకు రాళ్ళు మోసినవాడు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిన ఆ కట్టకు ఎత్తెంతయో, పొడవెంతయో పుస్తకములలో నున్నది. ఒక కూలివాడు ఒక ఏడు మిగిల్చిన పైకముతో ఐదు పగడములు కొని తువ్వాలు కొంగున ముడివేసికొని నడచి ఇల్లు చేరినాడనునది మాత్రము ఈ తాటియందే యున్నది. ఆమె వానిని ఒక్కసారి గ్రుచ్చలేదు. కానుపునకు ఒకటి చొప్పున నాలుగు కానుపులకు నాలుగు గ్రుచ్చినది. ఇంగ్లండులో విక్టోరియా రాణికి సంతానము కలిగినప్పుడెల్ల ఆమె మగడు హృదయాకృతి గల చిన్న బరిణె నొకదానిని కంకణమునకు చేర్చి, అందు ఆ బిడ్డ వెండ్రుకలు పొదిగించెననియు, అట్లు తొమ్మిది చేరెననియు చదివియున్నాము. రాణి వార్త అవ్వకు చేరి యుండదు, అవ్వ వార్త రాణికి చేరి యుండదు. ఇద్దఱును ఒకే ఛందస్సులో వ్రాసిరి. నాలుగింటిలో మూడవ పగడము నిలువునా బీటవాఱి యున్నది. దానికి మేము టీక వ్రాయము.

గిట్ట = మున్నగునవి. జటప్రోలు సంస్థానమున «చంద్రికాపరిణయము» వంటి శ్లేషకావ్యము పుట్టిన గడ్డమీద నిలిచి యున్నాము గనుక ఈ పదము దగ్గఱ కొంత జాగ్రత్త అవసరము. గిట్టుట యనగా చచ్చుట; గిట్టుట యనగా లాభించుట, బత్తాయిరైతు జీవితమంతయు వెదకునట్టి గిట్టుబాటు. ఆ రెండర్థములును ఇచ్చట పొసగవు. ఇది మా వైపు వారు నామవాచకము తరువాత అలవోకగా విసరునట్టి «గిట్ట». దాని కడుపులో ప్రపంచమంతయు పట్టును. అవ్వ దాని కడుపులో పట్టించిన వస్తువులను లెక్కింతము.

ఒకటి, హాలీ సిక్కా నాల్గణాల వెండిబిళ్ళ. 1958లో ఆమెకు పదునాలుగేండ్లకు పెండ్లియై, తొలి ఒడిబియ్యము పోసిన నాడు మేనమామ బియ్యముతోపాటు ఒడిలో వేసినది. ఏడు హాలీ రూపాయలకు ఆఱు సర్కారు రూపాయలని మారకము నడచిన ఆ నిజాము నాణెములు 1951తో అచ్చువడుట మాని, 1959లో చెల్లుబాటును కోల్పోయెను. అనగా మేనమామ ఇచ్చిన కట్నము ఏడాది తిరుగకమునుపే అంగడిలో కొఱగానిదయ్యెను. అప్పుడామె దానిని అవసలాయన కడకు కొనిపోగా, అతడు కుంపటి రాజేసి, వెలిగారమద్ది, ఊదుగొట్టముతో మంట సూటిగా ఊది, అంచున ఒక చిన్న కొండీ అతికి ఇచ్చినాడు. తొందరలో బిళ్ళను తలక్రిందుగా పట్టినాడు కాబోలు, చూచువారికి చార్మినారు మీనార్లు నేలవైపు దిగి యుండును. మెడలో వేసికొన్నామె బిళ్ళనెత్తి కన్నులకు చేర్చుకొన్నప్పుడు మాత్రము అవి నిటారుగా నిలుచును. అవసలాయనది పొరపాటో ప్రావీణ్యమో తేల్చుటకు ఆయన ఇప్పుడు లేడు. మేము ప్రావీణ్యమనియే వ్యాఖ్యానించుచున్నాము.

రెండు, జాన్‌పహాడ్ సైదులు దర్గాకడ కట్టించుకొన్న తాయెత్తు. రెండవ బిడ్డకు జ్వరము విడువనప్పుడు మ్రొక్కి తెచ్చినది. బిడ్డకు తగ్గిన తరువాత కూడ తాయెత్తు తల్లి తాటికే అంటిపెట్టుకొని, శివునిపేర శతమానము కట్టుకొన్నవారి పుస్తెల నడుమ ఏ చిక్కును లేక ఊగుచు వచ్చినది.

మూడు, పిన్నీసులు, రెండు. ఇవి ఆభరణములా కావా యని ఆలంకారికులు కొట్టుకొందురు. కొంగు జాఱినను, చెప్పు తెగినను, కాలిలో తుమ్మముల్లు విరిగినను తెలుగు ఇల్లాలి చేయి మొదట పోవునది మెడలోని పిన్నీసుమీదికే గదా! 1849లో వాల్టర్ హంట్ అను అమెరికావాడు ఈ పిన్నీసును కల్పించి, పేటెంటును నాలుగు వందల డాలర్లకు అమ్ముకొనెను. తన కల్పన దేవరకొండ తాలూకాలో పుస్తెలకు ఇరుప్రక్కల చోటు సంపాదించునని తెలిసియుండినచో అంత చౌకగా అమ్మియుండడు.

తియ్యకు = తీయవలదు. క్రియ చిన్నది. ఆమె మెడనుండి ఈ తాడును ఒకమాఱు తీసిరి. తీసినవారు ఆమెను అడిగి తీయలేదు. ఈ రెండవ తీత కత్తెర పట్టినవాడు ఎదుటనుండగా, అడుగుటకు వీలున్న తీత.

బిడ్డా = ఓ నాయనా. అప్పు తీసికొనునామె అప్పిచ్చువానిని పిలిచిన పిలుపిది. «సారూ» అని పిలిచి యుండినచో వాడు ఆఫీసు రివాజును చదివి వినిపించియుండును. «బిడ్డా» యనగానే కత్తెర బల్లమీద పెట్టెను. అలంకారశాస్త్రమున దీనికి పేరున్నదో లేదో గాని, మా వాడకట్టులో అవ్వలందఱికిని ఈ విద్య తెలియును.

తూకం = బరువు. తులమనగా ఆనాడు 11.66 గ్రాములు, పండ్రెండు మాసములు, తొంబదియాఱు గురిగింజలు. ఇప్పుడు అంగడిలో పది గ్రాములనే తులమనుచున్నారు. పేరు నిలిచి సరుకు తఱిగిన మాటలలో ఇదియొకటి. తాడు చేయించిన నాడు రెండు తులముల నాలుగు మాసములని అవ్వ జ్ఞాపకము. గ్రాములలో అది ఇరువదియేడుకు కొంచెము పైమాట. ఆ కుఱ్ఱవాడు తగ్గింపులు పోగా వ్రాసిన నికరపు తూకము 26.700. ఆ లోపించిన అరగ్రాము ఏమయ్యెనని ఆమె అడుగలేదు. అర్ధశతాబ్దికి పైగా నాట్లకు, కలుపులకు వంగిలేచిన మెడమీద అరిగిన బంగారమునకు ఎవరిని అడుగవలెను?

రశీదులో రెండు గడులున్నవి. మొత్తము తూకము 34.300. నికరపు తూకము 26.700. నడుమ 7.600 గ్రాములు. ఇందులో నాల్గణాల బిళ్ళయే రమారమి 2.8, తక్కినది పగడములు, నల్లపూసలు, తాయెత్తు, పిన్నీసులు, దారము, పుస్తెల కడుపులోని లక్క. పుస్తెలు రెండును కవలలు కావు. పుట్టినింటిది కరవునాటిది, రేకు పలుచన, లక్క ఎక్కువ, మెట్టినింటిది మందము. బంగారమెంతయో ఒరగల్లు చెప్పును, యంత్రము చెప్పును, దాని వెల ప్రొద్దుట పత్రిక చెప్పును. ఆ ఇరువదియాఱు గ్రాములు ఏ మెడలోనివైనను ఒక్కటే. కరగించి కలిపినచో ఏది ఎవరిదో బ్రహ్మకును తెలియదు. అవ్వను ఇతర అవ్వలనుండి వేఱు చేయునది తగ్గింపు గడిలోని ఆ ఏడున్నర గ్రాములే. మా వ్యాఖ్య అంతయు ఆ గడికే. కుఱ్ఱవాడు దానికి వ్రాసిన విలువ సున్న.

ఆక్షేపము. పూసలను తీసి పొట్లము కట్టి అవ్వచేతికే ఇచ్చి యుండెదరు గదా, నష్టమేమి? అని కొందఱు. సమాధానము: పద్యమునుండి పదములను తీసి పొట్లము కట్టి ఇచ్చినను పదములేవియు పోవు. దేవరకొండ చుట్టుప్రక్కల తండాలలోని లంబాడీ అవ్వల నడుగుడు. చెంపల ప్రక్క వ్రేలాడు ఘుగ్రీ టోప్లీ పెండ్లియైనదానికి గుర్తు. మగడు పోయినచో అవి దిగవలసినదే. వెండి అదియే, బరువు అదియే, పెట్టెలో భద్రముగనే యున్నది. ఏమి పోయినదో చెప్పుమని అడుగుటకు ఎవరికి నోరువచ్చును?

తాడు = త్రాడు. గొడ్లకు కట్టునది, బావిలో వేయునది, బొంగరమునకు చుట్టునది. తాడూ బొంగరమూ లేనివాడని ఎవనికి ఇల్లును వెనుకాముందును లేవో వానిని గూర్చి అందురు. అందులోని తాడు బొంగరపు తాడనియే మేము చిన్ననాటినుండి అనుకొంటిమి. ఈ మూలమును చదివిన పిమ్మట సందేహము పట్టుకొన్నది.

తాత్పర్యము. వేఱుగా వ్రాయబనిలేదు, మూలము తాత్పర్యముకంటె చిన్నది, తేటయైనది.

విశేషము. పూసలు తీయకయే తూచిరి. తగ్గింపు కొంత ఎక్కువ పడినది, అప్పు కొంత తక్కువ వచ్చినది, అవ్వ వేలిముద్ర వేసినది. మూడవ బోరులో నీరు పడెనా యను ప్రశ్న వ్యాఖ్యకు అప్రస్తుతము, పడలేదు. నాలుగవ దానిలో పడినది. రెండు కాపులమ్మి తాడు విడిపించు దినమున మేమును తోడుపోయితిమి. మనుమడు రశీదు చదువుకొనుచుండగా అవ్వ కన్నులు మూసికొని, తాటిని అరచేతిలో పోసికొని, బొటనవ్రేలితో ఒక్కొక్కటే తడవి చూచినది: నల్లపూసలు, పగడము, పగడము, బీటవాఱిన పగడము, పగడము, బిళ్ళ. ఆ తరువాత వ్రేలు ఒక్క క్షణమాగినది. అచ్చట పూస లేదు, ముడి యున్నది. గ్రంథపాతమని మాకు గుండె జల్లుమనెను. ఐదవ పగడము! ఆఫీసువారిని నిలదీయుటకు మేము సిద్ధపడుచుండగా అవ్వ నవ్వినది.

«ఆడిది నేనే తీసిన. పిల్లకిచ్చిన.»

పిల్ల యనగా మనుమరాలు. దిల్‌సుఖ్‌నగరులో హాస్టలులో నుండి కోచింగు చదువుచున్నది. మెడలో ఏమియు వేసికొనదు. ఆ పగడమును స్కూటీ తాళపుచెవుల గుత్తికి, ఒక రబ్బరు కోతిబొమ్మ ప్రక్కన, ఎఱ్ఱదారముతో తానే కట్టుకొన్నదట. కూలి సొమ్ముతో కొని సాగరునుండి నడచివచ్చిన పగడము కోతిప్రక్కన ఊగుటేమని మనుమడు నొచ్చుకొనగా, అవ్వ తాటిని పసుపుగుడ్డలో మడచి బొడ్లసంచిలో వేసికొనుచు ఇట్లనినది:

«ఉండనియ్‌రా. దానికి సోపతి ఉన్నది.»

సోపతి = స్నేహము. శేషము సులభము.