పిట్టలు చూపిస్తాం, మెట్లెక్కి రండి

డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలు గట్టెక్కిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందుగా శుభాకాంక్షలు. ఇక వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పదు. మీ తోటివాళ్లంతా పారిశుద్ధ్యం, ప్లాస్టిక్ నిషేధం అంటూ అరిగిపోయిన టాపిక్కులే పట్టుకుంటారు. మీరు మాత్రం 'విశాఖలో దివ్యాంగులకు పక్షివీక్షణం' అని పెట్టారనుకోండి, హెచ్‌ఓడీ గారు తలెత్తి మరీ మీ వంక చూస్తారు. సగం మార్కులు అక్కడే పడిపోతాయి. మిగతా సగం కోసం ఈ సలహాలు.

మొట్టమొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ప్రాజెక్టు పూర్తయ్యేదాకా దివ్యాంగులెవరినీ కలవకండి. కలిశారా, పని పెరిగిపోతుంది. చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉందా అని ఒకాయన అడుగుతాడు. కుర్చీ మడిచి పెట్టుకోనిచ్చే ఆటో దొరుకుతుందా అని ఒకామె అడుగుతుంది. దారిలో కూలబడడానికి ఎక్కడైనా బెంచీ ఉందా అని మోకాళ్ల నొప్పుల మామ్మ అడుగుతుంది. వీటిలో ఒక్కదానికైనా పిట్టలతో సంబంధం ఉందా? అమెరికాలో వర్జీనియా రోజ్ అనే ఆవిడ, పద్నాలుగో ఏట నుంచీ చక్రాల కుర్చీలోనే తిరిగే మనిషి, 'బర్డబిలిటీ' అని ఒక సంస్థ పెట్టింది. ఏ పార్కులో దారి ఎంత వాలు, నేల గట్టిదా ఇసుకదా, గేటు సందు ఎంత, బెంచీలూ బాత్రూములూ ఎక్కడ అని వెళ్లివచ్చిన జనం చేతే వివరాలు పెట్టించి, వాటితో ఒక మ్యాపు తయారుచేస్తున్నారు. అంత చిల్లర పని మనకెందుకు చెప్పండి? గూగుల్‌లో ఒక చక్రాల కుర్చీ బొమ్మ దొరుకుతుంది, బ్యానర్ మీద వేయించండి. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందని ఎవరైనా అంటే, బ్యానర్ మీద చోటు చాలలేదని చెప్పండి.

ముహూర్తం మే నెలలోనే పెట్టండి, అదీ పొద్దున పదకొండింటికి. వలస బాతులు చాలామటుకు అప్పటికే ఉత్తరాది దారి పట్టి ఉంటాయి కాబట్టి ఏది ఏ బాతో గుర్తుపట్టే బాధ ఉండదు. విశాఖ ఉక్కపోతకు స్థానిక పిట్టలు కూడా నీడ చూసుకుని నోరు మూసుకుంటాయి. తెల్లారగట్ల ఐదున్నరకైతే అవన్నీ ఒకటే గోల, ఎవరు భరిస్తారు? ఇంకో నెల ఆగితే తొలకరికి గిజిగాళ్లు ఈతచెట్లకు గూళ్లు అల్లడం మొదలెడతాయని, నీడలో కుర్చీ వేసుకుని ఒక్కచోటే గంటసేపు చూడొచ్చని కొందరు ఆశపెడతారు. నమ్మకండి. అప్పటికి మీ లాగ్‌బుక్ గడువు దాటిపోతుంది.

చోటు విషయంలో రాజీ పడొద్దు. కొండకర్ల ఆవకే తీసుకెళ్లండి. అక్కడ తాటిబొదెలు తొలిచి, రెండేసి జతకట్టిన దోనెలున్నాయి. గట్టు మీది బురదలో అడుగేసి, ఊగే దోనెలో కాలు పెట్టి, అటూ ఇటూ ఒరగకుండా కూర్చోవడం రెండు కాళ్లూ సరిగ్గా ఉన్న పడుచువాళ్లకే గగనం. మన అతిథులను మాత్రం నలుగురు పట్టుకుని కుర్చీతో సహా ఎత్తేయొచ్చు. ఎత్తేముందు వాళ్లను అడగడం మర్యాద కాదు. ఎత్తేటప్పుడు ఫొటో మాత్రం తప్పనిసరి. కొండకర్ల దూరమనుకుంటే కంబాలకొండ ఉంది, 70 చదరపు కిలోమీటర్లకు పైబడిన అభయారణ్యం. దారి ఎక్కడ గతుకో, ఎక్కడ ఎత్తో ముందురోజు వెళ్లి చూసిరాకండి, థ్రిల్లు పోతుంది.

ఫిషింగ్ హార్బరుకు పొరపాటున కూడా పోకండి. అక్కడ నేలంతా సిమెంటు. బోట్లు వచ్చి చేపలు దించే వేళకు గరుడపక్షులు నెత్తిమీదే చక్కర్లు కొడతాయి. ఇటుకరంగు రెక్కలూ తెల్లటి తలా బైనాక్యులర్ లేకుండానే కనిపిస్తాయి. ఒకటి కిందికి వాలి, నీళ్లమీద తేలే చేపముక్కను కాళ్లతో ఎత్తుకుని, ఎగురుతూనే ముక్కుకు అందించుకుని తినడం చక్రాల కుర్చీలోంచి మెడ ఎత్తితే చాలు, చూడొచ్చు. ఇంత సులువుగా కనిపించేదాన్ని ప్రాజెక్టు అని ఎవరంటారు? ఉక్కునగరం రోడ్లూ అంతే. చదునుగా, చెట్ల నీడన, ఇంటి వరండాలోంచే గోరువంకలూ పికిలిపిట్టలూ లెక్కపెట్టుకునేలా ఉంటాయి. మీ రిపోర్టుకి అడవి కావాలి, వరండా కాదు.

కట్టడాల దగ్గరకొద్దాం. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలని ప్రమాణాలు చెబుతాయి. మీరు మూడడుగులతో సరిపెట్టండి. సిమెంటు మిగులుతుంది, ఎక్కేవాళ్లకు సాహసక్రీడా అవుతుంది. 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాల్సిందేనని కేంద్రానికి చెప్పిన మాట నిజమే. అది ఢిల్లీలో, మీరున్నది విశాఖలో. బ్రెయిలీ బోర్డు కూడా ఒకటి పెట్టించండి. ఇనుపరేకు మీదైతే మన్నిక. చెయ్యి ఆనించగానే మే ఎండకు చుర్రుమంటుంది కాబట్టి ఎవరూ ఎక్కువసేపు తడమరు, చుక్కలు అరగవు. చుట్టూ పూలకుండీలు పేర్చారంటే ఆ చెయ్యి కూడా అందదు.

వినికిడి లేనివాళ్లు వస్తే మైకు పట్టుకుని గట్టిగా వివరించండి. పిట్టలు లేచిపోతాయి, అందరికీ సమన్యాయం జరుగుతుంది. కార్నెల్ వాళ్ల మెర్లిన్ యాప్ కూస్తున్న పిట్ట పేరు ఫోను తెరమీద చూపిస్తుందట. ఆ ఫోను వాళ్ల చేతికివ్వకండి, సెల్ఫీలకు మీకే కావాలి. చేతులు వణికేవాళ్లకు ఇరవై రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్ కొనిపెట్టండి. పిట్టతోపాటు వణుకు కూడా ఇరవై రెట్లవుతుంది. ఎనిమిది రెట్లది స్టాండుకు బిగిస్తే స్థిరంగా కనిపిస్తుందని అనుభవజ్ఞులు అంటారు, కానీ అది కొన్నట్టే ఉండదు.

అసలు జాగ్రత్త పడాల్సింది చూపులేనివాళ్లతో. ప్రతి గుంపులోనూ ఒక పెద్దాయన తగులుతాడు. పోర్టులో ఏళ్ల తరబడి పనిచేసి, షుగరుతో కళ్లు పోగొట్టుకున్న మనిషి. మీరు వేలు చూపిస్తూ "అదిగో, ఆ కొమ్మ మీద" అంటుంటారు. ఆయన కర్ర ఆనించి నిలబడి, తల కాస్త వంచి వింటాడు.

"ఆగు బాబూ. కంసాలి పిట్ట. ఎడంపక్క పెద్దచెట్టు మీదుంది. టుంక్ టుంక్ అంటంది, ఇన్నావా? అల్లదిగో, దూరంనించి ఇంకోటి పలకతంది."

"తాతగారూ, మీకు కనిపించదు కదా?"

"నాకు కనిపించదు సరే. నీకు కనిపించిందేటి?"

కనిపించదు. అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ పిట్ట, ఆకుల మధ్య కూర్చుంటుంది. ఇలాంటాయన ఒక్కడుంటే చాలు, మీ 180 గంటలూ తలకిందులవుతాయి. నేర్పడానికొచ్చిన మీరే నేర్చుకోవాల్సి వస్తుంది, దానికి లాగ్‌బుక్‌లో గడి లేదు. ఉరుగ్వేకు చెందిన, పుట్టుగుడ్డి అయిన హువాన్ పాబ్లో కులాస్సో వందల జాతుల పక్షులను కూతతోనే గుర్తుపడతాడు. కొలంబియాలో చూపులేనివాళ్ల కోసం పక్షుల బాట ఏర్పాటు చేయడంలో ఆయన చెయ్యి ఉంది. అంత దూరం ఎందుకు, మన కడప అడవుల్లో రాత్రిపూట తిరిగే కలివికోడి కోసం 2000 తర్వాత పరిశోధకులు మెత్తటి మట్టిపట్టీలు పరిచి అడుగుజాడలు వెతికారు, రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం చెవులొగ్గి కూర్చున్నారు. ఇవేవీ రిపోర్టులో రాయకండి. చదివినవాళ్లకు కళ్లున్నవాళ్ల మీద అనుమానం వస్తుంది.

చివరగా, ఆ రిపోర్టు. స్పైరల్ బైండింగు, రంగు అట్ట. పక్షుల జాబితా దగ్గర బెంగ అక్కర్లేదు, 'సైబీరియా కొంగలు' అని ఒక వరస దించేయండి. తేలినీలాపురంలో గూడు కట్టే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దేశపు పక్షులే అయినా జనం వాటిని సైబీరియా పక్షులనే అంటారు. అసలు సైబీరియా కొంగ మన దేశంలో ఆఖరుసారి కనిపించింది భరత్‌పూర్‌లో, 2002లో. అది మొన్న మేలో మిట్టమధ్యాహ్నం కంబాలకొండలో మీకు దర్శనమిచ్చిందని రాసినా సంతకం చేసేవారు ఆ పేజీ దాకా రారు. ఆ పెద్దాయనకు మాత్రం చదివి వినిపించకండి.