గ్రాస్ పోస్టరుది, షేర్ ఎవరిది?

ఫిల్మ్‌నగర్‌లో సినిమా తీయడానికి రెండేళ్లు పడుతుంది. అది హిట్టవడానికి ఒక పూట చాలు. మార్నింగ్ షో ఇంటర్వెల్ పడేలోపే ‘బ్లాక్‌బస్టర్’ పోస్టరు మీ ఫోన్లో వాలుతుంది. దాన్ని వారం ముందే వండి పెట్టుకోవడం మా మార్కెటింగ్ వాళ్ల పని. ప్రేక్షకుడు తీరిగ్గా వస్తాడు. ఆయన కోసం విజయాన్ని ఆపలేం కదా!

పూర్వం పోస్టరు మీద రోజులు వేసేవాళ్లు. యాభై, వంద, నూటడెబ్బయ్యైదు. అబద్ధమాడాలన్నా ఖాళీ హాల్లో అన్నాళ్లూ కరెంటు కాల్చి బొమ్మ ఆడించాలి. అబద్ధానికీ ఖర్చుండేది. ఇప్పుడు కోట్లు వేస్తున్నాం. ఫోటోషాప్ తెలిసిన కుర్రాడొకడు, నాలుగు సున్నాలు ఉంటే చాలు.

అందులోనూ వేసేది ‘వరల్డ్‌వైడ్ గ్రాస్’. ఆ గ్రాస్‌లో ప్రభుత్వానికి వెళ్లే జీఎస్టీ ఉంది, థియేటర్ల అద్దె ఉంది. అవన్నీ పోగా మిగిలేది షేర్. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ ఏరియాలు కొన్న బయ్యరు రాత్రిళ్లు నిద్ర మానుకుని కూడుకునేది దాన్నే. గ్రాస్ ఫ్లెక్సీ ఎక్కుతుంది, షేర్ బయ్యరు బీపీకి ఎక్కుతుంది.

టెక్నాలజీ వచ్చాక మా పని ఇంకా సులువైంది. ట్రైలర్ వ్యూస్ రెండు రకాలు. జనం చూసినవి, మేం చూపించినవి. మీరు గుత్తివంకాయ వీడియో పెట్టుకుంటే ముందుగా మా హీరో వచ్చి తొడగొడతాడు. ‘స్కిప్’ నొక్కుదామంటే చేతికి మసాలా అంటుకుని ఉందా? అయితే మీరూ మా రికార్డులో భాగస్వాములే. 2019 సెప్టెంబరులో యూట్యూబే తన మ్యూజిక్ చార్టుల్లో, తొలి 24 గంటల రికార్డుల్లో ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూస్‌ని లెక్కలోకి తీసుకోనని చెప్పేసింది. మేం నొచ్చుకోలేదు. వాళ్ల లెక్క వాళ్లది, మా పోస్టరు మాది.

ఈ అంకెలతో ఎవరికీ నష్టం లేదనుకునేరు. మొదటి దెబ్బ నిర్మాతకే. ఆయన వేయించిన అంకెనే చూపించి హీరోగారు తర్వాతి సినిమాకి రేటు చెబుతారు. కాదందామంటే నోరు రాదు, కింద సంతకం తన బ్యానర్‌దే మరి.

2025 జనవరిలో ఐటీ అధికారులు హైదరాబాద్‌లో కొందరు ప్రముఖ నిర్మాతల ఇళ్లు, ఆఫీసుల్లో సోదాలు చేశారు. వాళ్లేం వెతికారో నాకెందుకు గానీ, ఆ వారం కృష్ణానగర్ టీ కొట్ల నుంచి జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 కాఫీ షాపుల దాకా ఒకటే మాట: “పోస్టరు మీద అన్నేసి కోట్లు వేసుకుంటే రారా మరి?” పోస్టరును అక్షరాలా నమ్మే ప్రేక్షకుడు ఒకడున్నాడనీ, ఆయన టికెట్టు కొనకుండానే లోపలికి వస్తాడనీ మాకప్పుడే తట్టింది. అభిమాని స్క్రీన్‌షాట్ తీసుకుంటాడు. ఈయన రసీదులు అడుగుతాడు.

మావన్నీ గాలి లెక్కలని మాత్రం అనకండి. 2015లో ‘బాహుబలి’ కోసం కొచ్చిలో పరిచిన పోస్టరు యాభై వేల చదరపు అడుగులు దాటింది. గిన్నిస్ వాళ్లు ప్రపంచంలోకెల్లా పెద్దదని ఒప్పుకున్నారు. కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఎందుకంటే అది పోస్టరు కొలత, పోస్టరు మీద అంకె కాదు.

ఈ విద్య మా ఇంట్లోకీ పాకింది. మావాడు మొన్న యూనిట్ టెస్టులన్నీ కలిపి ‘గ్రాస్ 412’ అని ప్రకటించాడు. “లెక్కల్లో షేర్ ఎంతరా?” అంటే, “ఫైనల్ ఫిగర్స్ రావాలి నాన్నా. నెగెటివ్ టాక్ నమ్మకు. మా లెక్కల సార్ యాంటీ ఫ్యాన్” అన్నాడు. మా ఆవిడ మాత్రం లొంగదు. “ఉప్మాకి యునానిమస్ పాజిటివ్ టాక్” అని నేనంటే, “మరి సగం గిన్నెలోనే మిగిలిందేం?” అంటుంది. ఆక్యుపెన్సీ కొలవడానికి ఇంతకు మించిన యంత్రాన్ని ఏ కంపెనీ కనిపెట్టలేదు.

అందుకే ఈమధ్య ఒక నిర్మాతగారికి సలహా ఇచ్చాను. “సార్, సినిమా మొదట్లో ‘ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం’ అని వేస్తాం కదా. పోస్టరు కింద కూడా ‘ఇందులోని అంకెలు కేవలం కల్పితం’ అని వేసేద్దాం. ఎవరొచ్చి అడిగినా పేచీ ఉండదు.”

ఆయన చాలాసేపు ఆలోచించారు.

“బాగుందయ్యా. వేసెయ్. కాకపోతే ఆ ముక్క తొలి 24 గంటల్లో ఎన్ని కోట్ల మంది చదివారో, దానికింకో పోస్టరు రెడీ చెయ్యి!”