కంచానికి కొస ఏది?

తెలుగువారి భోజన మర్యాదల్లో మొట్టమొదటిది ఆకు వేసే తీరుకు సంబంధించినది. అరటి ఆకు కొస తినేవారి ఎడమవైపున ఉండాలి. వెడల్పైన భాగం కుడివైపుకు వస్తే అన్నం కలిపే చేతికి కావలసినంత చోటు దొరుకుతుంది. కూరలు, పచ్చళ్లు ఆకు పైసగంలోనూ, అన్నం కిందిసగంలోనూ వడ్డిస్తారు. వడ్డనకు ముందు ఆకుమీద నేతిచుక్క వేయడాన్ని అభిఘారమనీ, ఆచారం పాటించే ఇళ్లలో విస్తరి చుట్టూ నీళ్లు తిప్పడాన్ని పరిషేచనమనీ, అరచేతిలో కాసిన్ని నీళ్లు పుచ్చుకోవడాన్ని ఔపోసనమనీ అంటారు. ఆ తరవాత పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అనే క్రమం నడుస్తుంది. ఇందులో అసలు పరీక్ష చారు దగ్గర ఎదురవుతుంది. అంచులేని ఆకుమీద అన్నంలో గుంట చేసి, పోసిన చారు పక్కవారి పంచె దాకా పారకుండా ఆపగలిగినవారే బంతిలో, అంటే వరసగా కూర్చున్న పంక్తిలో, ఉత్తీర్ణులు.

డైనింగ్ టేబుల్ వచ్చి ఈ మర్యాదలన్నిటినీ చెడగొట్టిందని వాపోయే పెద్దలు ఒక సంగతి మరచిపోతారు. గుండ్రటి స్టీలు కంచానికి కొస ఉండదు గనక, మొదటి నియమం కంచం ఇంట్లో అడుగుపెట్టిననాడే రద్దయింది. ఆ నేరం పాశ్చాత్య నాగరికతది కాదు, రేఖాగణితానిది. కంచానికి అంచు ఉండడంతో చారు పరీక్ష కూడా అప్పుడే ఎత్తేశారు. ఇక డైనింగ్ టేబుల్ మీద కరెంటు బిల్లులు, బీపీ మాత్రలు, ఇస్త్రీకి వెళ్లవలసిన బట్టలు, పిల్లల లాప్‌టాప్ తమ తమ స్థానాల్లో స్థిరపడి ఉండగా, మిగిలిన జానెడు జాగాలో కంచం ఒదిగిపోవడమే నేటి సంప్రదాయం. పిజ్జా ముక్కకు మాత్రం నిక్షేపంలాంటి కొస ఉంది గాని, అది ఎటువైపు ఉండాలో పెద్దలెవరూ ఇంకా నిర్ణయించలేదు.

దిక్కుల నియమాలు పోయినంత తేలిగ్గా ఎంగిలి నియమం పోలేదు. తింటున్న చేయి తగిలిన పదార్థం ఇతరులకు పనికిరాదన్న భావనే ఎంగిలి. దాని పుణ్యమా అని, ఏ శుభకార్యానికీ పిలుపు అందని ఎడమచేతికి భోజనవేళ గరిటె పట్టే అధికారం దక్కింది. ఇప్పుడదే చేయి ఫ్రిజ్ తలుపు తీస్తూ, రిమోటు నొక్కుతూ, ఫోను తెర జరుపుతూ కుడిచేతికన్నా ఎక్కువ చాకిరీ చేస్తోంది. నలుగురూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకునే ఇంట్లో ఈ నియమానికి ఆరోగ్యరీత్యా అర్థముంది గనక, ఇది నిలవడమే మంచిది.

పోవలసిన నియమమూ ఒకటుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా లోటుండదని సామెత భరోసా ఇస్తుంది గాని, వడ్డించే ఇల్లాలు ఏ బంతిలో కూర్చోవాలో చెప్పదు. అడగకముందే మారు వడ్డన, అంటే రెండోసారి పెట్టడం, చేయగలిగిన ఆ ఇంటి వైభవమంతా, ఆమె అందరి తరవాత చల్లారిన చారుతో, అడుగంటిన గిన్నెలతో భోంచేయడం మీదే నిలబడింది. గిన్నెలు నడుమ పెట్టుకొని ఎవరికి వారు వడ్డించుకుంటే మర్యాద తగ్గిందనేవారు, ఆమెకు వేడన్నం దక్కిన లాభాన్ని లెక్కలో వేయరు.

కాబట్టి నిత్యజీవితంలో భోజన మర్యాదను కొలవవలసింది ఏ పదార్థం ఏ మూలన ఉందన్నదానితో గాక, తినేవారు పక్కవారి కంచం వంక చూశారా లేదా అన్నదానితో. బంతిలో అందరూ ముగించేదాకా ఎవరూ లేవకూడదన్న పాత నియమంలోని సారమూ అదే. ఒక ఇంట్లో ఈ గుణం ఏపాటిగా మిగిలిందో తేల్చడానికి గిన్నెలోని ఆఖరి గుత్తివంకాయ చాలు. తండ్రి కొడుక్కి, కొడుకు తల్లికి, తల్లి అందరికీ "నువ్వు వేసుకో, నువ్వు వేసుకో" అని జరుపుతూ పోగా, అది ఎవరి కంచంలోనూ పడకుండా ఫ్రిజ్‌లోకి చేరితే ఆ ఇంట మర్యాద క్షేమంగా ఉన్నట్టే. అర్ధరాత్రి దాన్ని ఎవరు తిన్నారని మర్నాడు ఆరా తీయకపోవడం మర్యాదలో చివరి మెట్టు.