రెండు రూపాయల రాజభోగం

మన విమానాశ్రయంలో అన్నిటికన్నా చవకైన సరుకు మర్యాద. బయట టీ ధర చూస్తేనే గొంతు తడారిపోతుంది గానీ, క్రెడిట్ కార్డు గీకి 2 రూపాయలు సమర్పించుకుంటే లాంజ్ తలుపు తెరుచుకుంటుంది. రాజమండ్రి నుంచి వచ్చి శంషాబాద్‌లో తర్వాతి విమానం కోసం నాలుగు గంటలు కూర్చోవలసిన ఇద్దరిలో ఒకరికి మెత్తటి సోఫా, వేడి ఇడ్లీ, అడిగినన్నిసార్లు కాఫీ. రెండో వారికి ఇనుప కుర్చీ, ఫోన్ చార్జింగ్ కోసం గోడల వెంట వెతుకులాట. ఇద్దరి టిక్కెట్టూ ఒకటే, విమానమూ ఒకటే. తేడా అల్లా జేబులోని ప్లాస్టిక్ ముక్క. పైగా ఈ మర్యాద చేసేది విమాన సంస్థ అనుకుంటే పొరపాటు. దేశీయ టెర్మినళ్లలో చాలా లాంజ్‌లను నడిపేది వేరే కంపెనీలు, కార్డు మీద వచ్చినవారి బిల్లు కట్టేది బ్యాంకు. పెళ్లివారు ఒకరు, వంటవారు ఒకరు, విస్తరి ముందు కూర్చున్నవారు ఇద్దరికీ తెలియని చుట్టం.

లాంజ్‌లో అసలు రుచి లోపలి ఇడ్లీలో లేదు, బయట ఉండిపోయినవాళ్లలో ఉంది. 1939లో న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్మిరల్స్ క్లబ్ తెరిచినప్పుడు పిలుపు అందినవారికే ప్రవేశం. పిలుపు లేనివారు ఉండబట్టే దానికి ఆ విలువ. మన బ్యాంకులు ఆ పిలుపును కరపత్రంలా పంచాయి. 2024 నాటికి దేశంలో క్రెడిట్ కార్డులు 10 కోట్లు దాటాయి. దాంతో లాంజ్ కాస్తా పెళ్లి భోజనాల్లో రెండో బంతి అయింది. తింటున్నవారి కుర్చీ వెనకే ఒకరు నిలబడి, పెరుగన్నం దాకా వచ్చారా లేదా అని విస్తరిలోకి తొంగిచూసే పద్ధతి ఏసీ గదిలోకి మారింది. అప్పుడు బ్యాంకులు మేల్కొన్నాయి. ఐసీఐసీఐ బ్యాంకు తన కార్డుల్లో చాలావాటికి 2024 ఏప్రిల్‌లో ఒక షరతు పెట్టింది: ముందటి మూడు నెలల్లో 35,000 రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. నవంబరుకల్లా అది 75,000 అయింది. ఉచిత ఉప్మా కోసం ముక్కాలు లక్ష ఖర్చు పెట్టడం కన్నా కొండను తవ్వి ఎలుకను పట్టడం లాభసాటి. ఎలుకకు త్రైమాసిక షరతు లేదు.

బ్యాంకు సొమ్ము బ్యాంకు ఖర్చు పెట్టుకుంటే మీకేం నొప్పి అని అడగవచ్చు. అది బ్యాంకు సొమ్మయితే నొప్పి లేదు. కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు కట్టే రుసుములోంచి కొంత, బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి నెలకు మూడున్నర శాతం పైగా కూడా వడ్డీ మోసేవారి కష్టంలోంచి కొంత ఆ ఇడ్లీలోకి చేరుతుంది. ఆ వడ్డీ కడుతున్నవారిలో విమానం ముఖమే చూడనివారూ ఉంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాం. ఇక్కడ అల్లుడు దానం చేసి, చివరకు రశీదు కూడా అత్తకే పంపుతున్నాడు.

రైల్లో ఏసీ పెట్టె లేదా, డబ్బున్నవారు సుఖం కొనుక్కుంటే తప్పేమిటన్నది మరో వాదన. తప్పేమీ లేదు. కానీ రైల్వే స్టేషన్‌లో టీ నచ్చకపోతే బయట బండి దగ్గర తాగి రావచ్చు. భద్రతా తనిఖీ దాటిన విమాన ప్రయాణికుడికి ఆ దారి లేదు. టిక్కెట్టులోనే విమానాశ్రయ రుసుము ముందే కట్టి, లోపలికొచ్చి బందీ అయ్యాడు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, విమానం రెండు గంటలు గానీ అంతకు మించి గానీ ఆలస్యమైనప్పుడు విమాన సంస్థ తిండి పెట్టాలి. మధ్యలో విమానం మారడానికి నాలుగు గంటలు కాచుకుంటే మాత్రం ఆ నిబంధన వర్తించదు. ఆకలికి ఈ తేడా తెలియకపోవడం ప్రయాణికుడి దురదృష్టం.

చవకగా అమ్మితే గిట్టుబాటు కాదన్న ఆఖరి సాకుకు కోల్‌కతా జవాబిచ్చింది. 2024 డిసెంబరులో అక్కడి విమానాశ్రయంలో మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రారంభించిన ఉడాన్ యాత్రీ కేఫ్‌లో టీ 10 రూపాయలు, సమోసా 20. అంటే టీ కాయడం చేతకాక కాదు, కాయాలన్న బుద్ధి లేకనే ఇన్నాళ్లూ లాంజ్ అవసరమైంది. మంత్రిగారికి ఒక్కటే విన్నపం: ఆ పది రూపాయల టీని, దాంతోపాటు నడుం వాల్చగలిగే కుర్చీని దేశంలోని ప్రతి టెర్మినల్‌లో, తనిఖీ దాటాక గేటు పక్కనే పెట్టించండి. లాంజ్‌ను ఎవరూ మూయనక్కర్లేదు. దాని ముందున్న క్యూ దానంతటదే కరుగుతుంది.