ఆర్కిడ్‌కు హాల్‌మార్క్ లేదా సామీ?

మహారాజశ్రీ తూనికలు, కొలతల శాఖ వారి సముఖానికి ప్రొద్దుటూరు గృహస్థు ఒకడు చేసుకుంటున్న మొర.

అయ్యా, మా ఊరిని రెండో బొంబాయి అంటారు. అరగ్రాము ముక్కుపుడకకు కూడా తరుగెంత, మజూరి ఎంత అని మా ఇంటావిడ అంగడాయనకు చెమటలు పట్టిస్తుంది. హాల్‌మార్క్ తప్పనిసరి అయిన 2021 నుంచి భూతద్దం కూడా తోడైంది. అదే మనిషి వీధిలో మొక్కల ఆటో నిలిస్తే, నీలి ఆర్కిడ్‌కు చెప్పిన పన్నెండొందలూ నోరెత్తకుండా ఇచ్చేసింది. ఆ ముదురు నీలం ఫలెనాప్సిస్ అనే ఈ రకం ఆర్కిడ్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. తెల్లపూల కాడకు రంగు ఎక్కిస్తారు. మళ్లీ పూస్తే తెల్లగానే పూస్తుంది. రోల్డ్‌గోల్డ్‌ను ఈ ఊళ్లో బంగారమని అమ్మి చూడమనండి!

"అరుదైన రకం అక్కా, యాడా దొరకదు" అన్నాడట ఆటోవాడు. 1960లో ఫ్రాన్సులో మొరెల్ అనే శాస్త్రవేత్త చిగురు ముక్క నుంచి ఆర్కిడ్లు పెంచే దారి చూపాక, అవి సీసాల్లో వేలకొద్దీ పుడుతున్నాయి. ఇక అరుదెక్కడిది? నిజంగానే అడవిలోంచి పీక్కొచ్చిందైతే అసలు కొననే కూడదు.

పులివెందులలో మా వియ్యంకుడు రంగపూర్ నిమ్మ మీద కట్టిన చీనీ అంటు కొనాలంటే వేరు చూడనిదే జేబులో చెయ్యి పెట్టడు. ఆయనా ఆర్కిడ్ దగ్గర పూలే లెక్కబెట్టాడు! విచ్చిన పువ్వు ఆయుష్షు అప్పటికే ఖర్చవుతూ ఉంటుంది. చూడాల్సింది వేర్లు. గట్టిగా, తెల్లగానో పచ్చగానో ఉంటే డబ్బివ్వొచ్చు; గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే ఊరికే ఇచ్చినా వద్దు. డెండ్రోబియం రకం ఆర్కిడ్ అయితే కాడలెన్ని, అడుగున కొత్త పిలక ఉందా అని అడగాలి. పిల్లమొక్కకు పూసే మొక్క ధర చెబితే, దాన్ని ఏళ్ల తరబడి మేపే ఖర్చు ఎవరిది?

జమ్మలమడుగులో మా బావమరిదిది ఇంకా ఘోరం. కుండీ నిండా ఎర్రమట్టి! కొమ్మను పట్టుకుని గాలిలోకి వేర్లు చాపి బతికేదాన్ని పూడ్చిపెట్టి అమ్మారు. బొగ్గులు, పెంకుముక్కలు, కొబ్బరిపీచు ఉండాల్సిన చోటు అది. గండికోట రాళ్లు కాగే మే నెలలో ఫలెనాప్సిస్ నిలవడం కష్టం. నీడా తేమా ఇస్తే వాండా, డెండ్రోబియం రకాలు కొంత ఓర్చుకుంటాయి. ఆ ముక్క చెబితే ఆటో ఖాళీ కాదు కదా.

కావున కుండీలకూ ఒక ముద్ర వేయించ ప్రార్థన. ఈలోగా నేనే ఆటో ఆపి, కుండీ ఎత్తి చిల్లుల్లోంచి వేర్లు చూస్తుంటే, "మీది బంగారం అంగడా సామీ?" అన్నాడు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మూడొందలు తగ్గించాడు.